చేప తల ఎటువైపు

కుర్చీలు ఎనిమిది, వచ్చే మనుషులు ముగ్గురు. అందుకని హోటల్ మేడమీది గదిలో అడుగుపెడుతూనే రుయ్‌లాన్ చేసిన మొదటి పని, అయిదు కుర్చీలను వసారాలోకి తోయించడం. ఖాళీ కుర్చీ ఉంటే కళ్లు దానిమీదికే పోతాయి, లేనివాళ్లు గుర్తొస్తారు, ఇవాళ అదొక్కటీ కూడదు. వడ్డన చూసుకునే గువో వదిన ఒక్కో కుర్చీనీ నడుంతో నెట్టుకుంటూ, "ముగ్గురికి ఇంత గదెందుకు టీచరమ్మా, కింద కిటికీ పక్కన బల్ల ఇచ్చేదాన్నిగా" అంది. "కింద గోల. ఆ గోలలో వీళ్లు మాట్లాడుకోకపోయినా తెలీదు. నాకు తెలియాలి" అంది రుయ్‌లాన్. గువో వదిన ఆఖరి కుర్చీ దగ్గర ఆగిపోయింది. "ఆ తమ్ముళ్లా? ఇద్దరూనా? ఒకే బల్ల దగ్గరా?" అని, పళ్లేలు పగిలితే ఎవరు కడతారో కూడా అడిగేసి, తన హాస్యానికి తనే నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది. ఛూఫూ చిన్న ఊరు. ఎవరింట్లో ఎవరికి పలుకుల్లేవో టీ నీళ్లు మరిగేలోపు ఊరంతా తెలిసిపోతుంది. తెలియనీ. ఇవాళ సాయంత్రానికి ఇంకోటి తెలుస్తుంది వాళ్లకి.

గుండ్రటి బల్లకు మూలలుండవని అన్నవాడెవడో ఈ ఊళ్లో భోంచేసి ఉండడు. తలుపుకు ఎదురుగా ఉండే కుర్చీ పిలిచినవాళ్లది. దాని కుడిచేతి వైపుది పెద్ద అతిథిది. ఎడమవైపుది ఆ తర్వాతివాడిది. తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు సారా పోస్తూ, ఏ పళ్లెం ఖాళీ అయిందో కనిపెడుతూ, ఎవరూ నవ్వకపోయినా తను నవ్వుతూ ఉండాలి. పెద్ద తమ్ముడు తోంగ్‌వెన్‌ను కుడివైపు కూర్చోబెడితే, మా నాన్న ఇంటి పెద్దకొడుకుని నన్ను అతిథిని చేశావా అక్కా అంటాడు. అనడు, అనకుండా మొహం అలా పెడతాడు, అది ఇంకా కష్టం. ఎడమవైపు కూర్చోబెడితే చిన్నవాడిని పైకెత్తినట్టవుతుంది. చిన్న తమ్ముడు హాయ్‌షెంగ్‌ను తలుపు దగ్గర కూర్చోబెడితే, తొమ్మిదేళ్లుగా దొంగ అనిపించుకున్నవాడికి వడ్డించే పని కూడా అంటగట్టినట్టు. మూడు టీ కప్పులు తీసుకుని, బల్లమీద అటూ ఇటూ జరిపి చూసింది. ఆటస్థలంలో పిల్లల్ని నిలబెట్టినట్టే ఉంది. ఆమె పాతికేళ్లు పైగా బడిలో వ్యాయామం నేర్పిన మనిషి. నాలుగొందల మంది పిల్లలు, మెడలో ఈల, ఒక్క ఈల ఊదితే వరసలు. కొత్తగా చేరిన పిల్లలు ముందు వరస కోసం కొట్టుకునేవాళ్లు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అని ఒకసారి చెప్పాక ఎవడూ ఎవడినీ తోసేవాడు కాదు. ఎవడి చోటు వాడికి తెలిస్తే చేతులు ఖాళీ అవుతాయి, ఆ చేతుల్తో బంతి పట్టుకోవచ్చు. మర్యాద అంటే ఇంతే కదా అనిపించేది ఆమెకు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఇదే ఊళ్లో పుట్టి దేశమంతటికీ మర్యాద నేర్పిన గురువుగారు పండితుల చేత లావుపాటి వ్యాఖ్యానాలు రాయించుకున్నారు గానీ, ఆయన చెప్పిందాంట్లో సగం ఆమె ఈలలో ఉంది.

కప్పులు ఆగాయి. తను తలుపుకు ఎదురుగా, మధ్యలో. తోంగ్‌వెన్ కుడిపక్క, హాయ్‌షెంగ్ ఎడమపక్క, ఇద్దరూ ఒకరికొకరు ఎదురెదురుగా. తలుపు దగ్గర ఎవరూ వద్దు. పోసే పని గువో వదిన చూసుకుంటుంది. ఇద్దరూ తనకే అతిథులు, అక్క పిలిచిన తమ్ముళ్లు, వయసు వరసలో కుడీ ఎడమా, ఇందులో ఎవరికీ వంక దొరకదు. అప్పుడు ఎర్రచేప వస్తుంది. మిగతా ఊళ్లవాళ్లు ఆ చేపను పేరు పెట్టే పిలుస్తారు, ఇక్కడ మాత్రం పిలవరు, గురువుగారి కొడుకు పేరూ అదే కాబట్టి ఎర్రచేప అని ఊరుకుంటారు. ముక్కలు చెయ్యని చేప, నూనెలో వేగి తోక పైకి లేచి, పైన పుల్లటి తియ్యటి పులుసు. దాని తల ఎవరివైపు ఉంటే వాళ్లూ, తోక ఎవరివైపు ఉంటే వాళ్లూ కలిసి గ్లాసెత్తి తాగాలి. అది అయ్యేదాకా బల్లమీద ఒక్కరు కూడా చేపను ముట్టరు. ఒకసారి దించాక పళ్లేన్ని తిప్పకూడదు కూడా. తల పెద్దవాడికి, తోక చిన్నవాడికి. తాగకపోతే చేప చల్లారుతుంది, అక్క ఆకలితో కూర్చుంటుంది, చూద్దాం ఎంతసేపు చూస్తారో. ఆమెకు నవ్వొచ్చింది. భర్త జావోను ఇంట్లోనే ఉండమన్నది కూడా ఇందుకే, ఆయన ఇలాంటి చోట నవ్వు ఆపుకోలేడు.

తోంగ్‌వెన్ కప్పు పక్కన ఉన్న చిన్న గ్లాసులో ఆమె ముందే మరగబెట్టిన నీళ్లు పోసి పెట్టింది. జొన్నసారా, నీళ్లు, చూడ్డానికి రెండూ ఒకటే. వాడు తాగకూడదు. సోమవారం జీనాన్‌ పెద్దాసుపత్రిలో వాడి గుండె కోస్తున్నారు, లోపల ఏదో తలుపు సరిగా మూసుకోవడం లేదట, దాన్ని తీసి కొత్తది పెడతారట. డాక్టరు చెప్పింది వాడు ఫోన్లో ఆమెకు చెప్పిన తీరు, బండి చక్రానికి బ్రేకు మార్చాలన్నంత మామూలుగా. "చిన్నోడికి చెప్పకు." "ఎందుకు చెప్పకూడదు?" "జాలిపడి వస్తాడు. జాలిపడి రావద్దు." ఆమె మాటిచ్చింది. ఇచ్చిన మాట అంటే మాటే, హాయ్‌షెంగ్ దగ్గర ఇప్పటిదాకా నోరు మెదపలేదు. కానీ భోజనానికి పిలవనని మాత్రం ఎవరికీ మాటివ్వలేదుగా. ఇద్దరికీ చెప్పింది, దాచకుండా చెప్పింది, వాడొస్తాడు నువ్వూ రా అని. ఇద్దరూ ఒకే మాట అన్నారు, అచ్చు ఒకే గొంతుతో, నాన్న గొంతుతో. "చూస్తాలే." నాన్న చూస్తాలే అంటే వస్తానని. వీళ్లు అంటే ఏంటో.

కిటికీ అవతల పాత ప్రాకారం, దాని వెనక సరివి చెట్ల కొనలు, వసంతం వచ్చిందో లేదో తేల్చుకోలేని ఎండ. గురువుగారి గుడి వైపు నుంచి ఎవరో డోలు వాయిస్తున్నారు, యాత్రికుల కోసం పాతకాలపు బట్టలు కట్టుకుని చేసే పూజ. తను పదకొండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ గుడి తలుపులు మూసి ఉండేవి. గురువుగారిని తిట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన ఏడాది అది. వాళ్ల నాన్న ఊరవతల బడిలో లెక్కలు చెప్పేవాడు, పిల్లల చేత నినాదాలు ఇప్పించే పని ఆయన నెత్తినే పడింది. రుయ్‌లాన్‌కి అప్పుడే అంత గొంతు. "ఛూఫూ ముసలాడి చెత్త ఊడ్చేద్దాం!" అని ఆమె అరిస్తే బడి పక్క చేలో గాడిద బెదిరింది. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఆకలి మంటలో జొన్నగంజి గిన్నె చటుక్కున తన ముందుకు లాక్కుంటే, నాన్న చెయ్యి ఆ గిన్నెమీద పడింది. కొట్టలేదు. గిన్నెను మెల్లగా నాయనమ్మ ముందుకు జరిపాడు. "బయట బాగా అరిచావమ్మా, గొంతు బాగుంది, అరుచుకో. ఇంట్లో మాత్రం మొదటి గిన్నె నాయనమ్మకి." అంతే, ఇంకేం చెప్పలేదు. ఎందుకని అడిగితే, "ఆవిడ నోరు తెరిచి అడగదు కాబట్టి" అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమెకు తట్టింది, మూసేసిన గుళ్లోంచి తప్పించుకుని గురువుగారు ఆ ఏడాదంతా తమ ఇంట్లో ఆ గంజిగిన్నె దగ్గరే ఉన్నాడని. తలుపులకు తాళాలేసినవాళ్లకు ఆ సంగతి తెలీలేదు.

అయినా అదే నాయనమ్మ ఇంటికి చుట్టాలొచ్చిన రోజు వంటింట్లోనే తినేది. మగవాళ్ల బల్ల దగ్గర ఆడవాళ్లకు చోటు లేదు. చేప తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి ముళ్లూ పులుసూ మిగిలేవి, ఆవిడ ఆ పులుసులో రొట్టె అద్దుకుని, ఇదే రుచి అనేది. ఏదో రుచి! రుయ్‌లాన్ తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో వెనక్కి జారబడి, రెండు చేతులూ కుర్చీ చేతులమీద పెట్టుకుని కూర్చుంది. ఈ కుర్చీలో ఆడమనిషి. గురువుగారు చూస్తే మొహం చిట్లిస్తారేమో. చిట్లించనీ. పెద్దవాళ్లకు ముందు పెట్టమన్నది ఆయనే, ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఆయన మాటకి ఆయన్నే కట్టేస్తే ఆయన మాత్రం ఏమంటాడు. నాన్నయితే నవ్వేవాడు. మర్యాదకి లోపల మనసు ఉండాలి, మనసు మారితే మర్యాద జరిగి చోటివ్వాలి అనేవాడు ఆయన, బోర్డు తుడుస్తూ, సుద్దపొడి చేతుల్తో, పాఠానికి సంబంధం లేకుండా.

మర్యాద అలా జరిగి చోటిచ్చిన రోజునే అన్నదమ్ములిద్దరూ విడిపోయారు. ఆ ఉదయం మంచు. నాన్న శవపేటిక వాకిట్లో, అందరి ఒంటిమీదా మైల నారబట్టలు, సన్నాయి పట్టిన ముసలివాడి పెదాలు చలికి పగిలి నెత్తురు. కాగితాలు కాల్చిన మట్టి మూకుడు పేటిక ముందు ఇటుకమీద. పెద్దకొడుకు దాన్ని తలపైకెత్తి ఒక్క దెబ్బకు పగలగొట్టాలి, పగిలాకే పేటిక లేస్తుంది, చనిపోయినవాడు ఇంటిని వదిలిపెట్టి వెళ్లేది ఆ చప్పుడుతోనే. పెద్దకొడుకు లేడు. షాన్‌షీ కొండల్లో ఎక్కడో మంచులో ఆగిన బొగ్గు రైలుబండిలో ఉన్నాడు. ప్రయాణికుడిగా కాదు, బండి నడిపేది వాడే. కర్మ జరిపించే పెద్దాయన ఆకాశం చూసి, మధ్యాహ్నం దాటితే పనికిరాదు, మోసేవాళ్లు ఇంకో ఊరు పోవాలి, మంచు పెరుగుతోంది అన్నాడు. వాకిలంతా గొణిగింది. హాయ్‌షెంగ్ ఆమెవైపు చూశాడు. ఆమె తలూపింది. ఇవాళ అడిగినా ఊపుతుంది. నాన్న వాకిట్లో గడ్డకట్టుకుని పడుండాలా, పెద్దోడి చోటు కోసం? మూకుడు పగిలింది. వాళ్లు శ్మశానం నుంచి ఇంకా మళ్లలేదు, తోంగ్‌వెన్ వచ్చాడు, బొగ్గు మసి మొహంతోనే, మంచులో తూలుకుంటూ. కొత్త మట్టి చూశాడు. వంగి నమస్కారం పెట్టలేదు. తమ్ముడి దగ్గరికొచ్చి అందరి ముందూ అన్నాడు: "నా చోటు దొంగిలించావురా." హాయ్‌షెంగ్ ఒక్కటే అన్నాడు: "ఖాళీగా ఉంటే నిలబడ్డాను." ఇద్దరిదీ నిజమే. నిజాలు రెండూ ఎదురెదురుగా నిలబడిపోయి తొమ్మిదేళ్లయింది.

అసలు సంగతి మరుసటేడు మరదలు, తోంగ్‌వెన్ భార్య, చెప్పింది. ఆ రోజు బండి ఆగిన చోటికి దగ్గర్లో రోడ్డు ఉందట. ఒక ట్రాక్టరువాడు దింపుతానన్నాడట. దిగిపోతే వేళకు అందేవాడు. కానీ కొండవాలులో బొగ్గు నిండిన బండి, మంచు, బ్రేకులు కాసుకునే మనిషి కావాలి, తన బదులు ఇంకొకడు వచ్చేదాకా వాడు కదల్లేదట. ఎవరికీ చెప్పలేదు. చెప్తే సాకు చెప్పినట్టుంటుందని. నాన్న పేటిక దగ్గరుండడం కొడుకు పని, బండి దగ్గరుండడం బండి నడిపేవాడి పని, రెండు పనులూ ఒకే మనిషివైతే ఎలా? గురువుగారి పాఠం చెప్పే పండితులు దీనిమీద రెండు రోజులు వాదించుకోగలరు. తోంగ్‌వెన్‌కు వాదించుకునే వ్యవధి లేదు, కింద లోయలో ఊరుంది. నాన్న ఉంటే ఏమనేవాడో రుయ్‌లాన్‌కు బాగా తెలుసు. దిగొస్తే చెంప పగలగొట్టేవాడు. ఇదే మాట తమ్ముడితో చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది. వాడు వినడు, వినడానికి అయినా ఎదురుగా కూర్చోవాలి కదా. కూర్చుంటే మిగతాది అదే వస్తుంది. పిల్లలకు పరుగు నేర్పేటప్పుడు ఊపిరి ఎలా పీల్చాలో చెప్పదు ఆమె, పరిగెత్తండి, ఊపిరి దాని సంగతి అది చూసుకుంటుంది అంటుంది.

మెట్లమీద అడుగులు. తేలిగ్గా, రెండేసి మెట్లు. హాయ్‌షెంగ్. ఒంటినిండా పొగవాసన, చేతిలో వాడి దుకాణంలో పొగబెట్టిన టోఫు సంచి. "హోటలుకి తిండి పట్టుకొస్తావేంట్రా?" "వీళ్ల టోఫు రబ్బరు ముక్క అక్కా." నవ్వుతూనే వచ్చాడు, గది చూశాడు, మూడు కుర్చీలు చూశాడు, లెక్క అర్థమైంది వాడికి. ఏమీ అనకుండా ఎడమవైపు కుర్చీ ఎత్తుకుని, తీసుకెళ్లి తలుపు దగ్గర, వీపు తలుపుకు పెట్టి వేసుకున్నాడు. "అక్కడ కూర్చోకు. కూరలు నెత్తిమీంచి వస్తాయి." "రానీ. పోసే పని నాకలవాటే." "నేను నీకు చోటు..." "అక్కా, నేను చోట్లలో కూర్చునే మనిషిని కాదుగా. ఖాళీల్లో నిలబడేవాణ్ని." ఆమెకు ఈల ఊదాలనిపించింది. లెక్కంతా పోయింది, తల ఒకచోట, తోక ఒకచోట. అంతటితో ఆగలేదు వాడు. బల్ల సర్దుతూ తోంగ్‌వెన్ గ్లాసు తీసి వాసన చూసి, "కడిగిన నీళ్లు వదిలేశారు చూడు" అని కిటికీలోంచి కింద పూలకుండీలో గుమ్మరించాడు. ఆమె నోరు తెరిచి, మూసుకుంది. మాటిచ్చింది కదా.

ఆ తర్వాత చాలాసేపు ఏ అడుగూ లేదు. వాడు వేరుశనక్కాయలు ఒలిచి, ఒలిచి, తినకుండా గుట్టపెట్టాడు. వాడి బుగ్గమీద నెరిసిన గడ్డం. ఎప్పుడు నెరిసింది? రోజూ చూసే మొహంలో ఏదీ ఒకరోజున జరగదు. తోంగ్‌వెన్‌ను చూసి ఏడాది, వాడి మొహంలో అన్నీ ఒక్కసారే జరిగి ఉంటాయి. రాకపోతే? రాకపోతే ఇంటికెళ్లి లాక్కొస్తుంది. సోమవారం లోపల ఇంకా రోజులున్నాయి. ఇంకో పేటిక ముందు, ఇంకో మూకుడు ముందు వీళ్లను నిలబెట్టి చూడటం ఆమెవల్ల కాదు, కాదంటే కాదు, అందుకని అది జరగదు. అలా తేల్చుకున్నాక కొంచెం కుదుటపడింది. అప్పుడు వినిపించాయి మెట్లు. ఒకటి. ఆగడం. ఇంకొకటి. ఆగడం. వీపు తలుపుకు ఉన్న హాయ్‌షెంగ్ చేతిలో వేరుశనక్కాయ చితికింది. "కాలు నొప్పా ఆయనకి?" అన్నాడు తల తిప్పకుండా. ఆమె తోంగ్‌వెన్ కప్పులో టీ పోసింది.

తోంగ్‌వెన్ గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా మెడ దగ్గర వదులైంది. వాడికి ముందు కనిపించింది తమ్ముడి వెనక మెడ, నాన్న మెడ, అదే రెండు మడతలు. హాయ్‌షెంగ్ వెనక్కి తిరగకూడదని అనుకున్నాడు, ఆ సంగతి వాడి భుజాలు చూస్తే తెలుస్తోంది. అయినా వాడు లేచి నిలబడ్డాడు. పెద్దవాడు గదిలోకొస్తే లేవాలి, అంతే, నాలుగేళ్లప్పుడు నాన్న నేర్పింది, వాడి కాళ్లు వాణ్ని అడగలేదు. లేచాక వాడికే తెలిసింది లేచానని. తిరిగి కూర్చోవడం కూడా చేతగాక, బల్ల అంచు పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. రుయ్‌లాన్ చూసింది. మనసు తొమ్మిదేళ్లు వద్దు వద్దు అంటూ ఉంటే, ఒంట్లో ఒక మూల గౌరవం అలా తడారకుండా ఉందన్నమాట. ఇందుకా నాన్న ప్రతిరోజూ, ప్రతి చిన్నదానికీ, గిన్నె ఇలా పట్టు, తలుపు అలా వెయ్యి అని ప్రాణం తీసింది? మనసు చేతులెత్తేసిన రోజున పనికొస్తుందనా? తోంగ్‌వెన్ ఆ నిలబడ్డ మనిషిని దాటుకుని, గోడ పట్టుకుని కుడివైపు కుర్చీలోకి వచ్చాడు. కూర్చున్నాక అన్నాడు: "కూచో."

చల్లటి వంటకాలు వచ్చాయి. టోఫు తోంగ్‌వెన్ ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు, అది ఎవరిదో అడగలేదు, పొగ రుచి వాడికి తెలుసు. ఆమె వాతావరణం గురించి చెప్పింది, జావో మోకాళ్ల గురించి చెప్పింది, మున్సిపాలిటీ తవ్విన గొయ్యి గురించి చెప్పింది. అంతలో గువో వదిన చేపతో వచ్చింది, పొగలు కక్కుతూ. కుడివైపు తల పెట్టమని ఆమెకు ముందే చెప్పింది రుయ్‌లాన్. గువో వదిన ఎదురుగా నిలబడి తన కుడివైపుకే పెట్టింది. తోక తోంగ్‌వెన్‌వైపు పోయింది. తల ఎవరూ లేని ఎడమవైపుకు తిరిగి, సరిగ్గా ఆ పక్కకొచ్చి నిలబడ్డ గువో వదిన పొట్టవైపు నోరు తెరుచుకుని చూసింది. ఒక క్షణం నలుగురూ ఆ చేపను చూశారు. "అయ్య బాబోయ్, నేనా?" అంది గువో వదిన. "తిప్పకూడదుగా! సరే, నా వాటా నేను తాగేస్తా. తోకాయన కూడా తాగాలి మరి, నా ఒక్కదానిచేతే తాగించి ఊళ్లో చెప్పుకుంటారా?" అని గ్లాసందుకుంది. హాయ్‌షెంగ్‌కు నవ్వొచ్చింది. తోంగ్‌వెన్ పెదాలు కూడా కదిలాయి. ఆ కదిలిన క్షణాన్ని పట్టుకుని హాయ్‌షెంగ్ సీసా ఎత్తాడు. పోసేవాడు తను కదా. బల్ల చుట్టూ నడిచి వెళ్లి, రెండు చేతులా సీసా పట్టుకుని, అన్న గ్లాసుమీద వంచాడు.

తోంగ్‌వెన్ గ్లాసుమీద అరచెయ్యి మూసి పెట్టాడు.

ఈ ఊళ్లో అంతకు మించిన మాట లేదు. నువ్వు పోసింది నేను తాగను అంటే, పెళ్లిళ్లు ఆగిన ఇళ్లున్నాయి. గువో వదిన తన గ్లాసు చప్పుడు కాకుండా దించి, గోడకు ఆనుకుంటూ బయటికి పోయింది. సీసా గాల్లోనే ఉంది. హాయ్‌షెంగ్ మొహంలో రంగు పోయి, శ్మశానంలో ఆ రోజు ఉన్న మొహం వచ్చింది. వాడు సీసా దించి సంచి తీసుకుని వెళ్లిపోతాడు, వెళ్లడానికి మూడు అడుగులు, ఇక జన్మలో రాడు. చెప్పెయ్యాలి. మాట తప్పి చెప్పెయ్యాలి. గొంతుదాకా వచ్చింది. కానీ ఇది నేను చెప్పేది కాదు, నేను చెప్తే చిన్నోడు జాలిపడతాడు, అదే వద్దన్నాడు పెద్దోడు. ఆమె రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని, పెద్ద తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది. బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ని చూసే చూపు. నువ్వే చెప్పు అంది ఆ చూపు. నోరు విప్పు.

"నువ్వు పోశావని కాదు," అన్నాడు తోంగ్‌వెన్. గ్లాసుమీది చెయ్యి తీయలేదు. "డాక్టరు వద్దన్నాడు. సోమవారం జీనాన్‌లో గుండె కోస్తారు."

హాయ్‌షెంగ్ అక్కవైపు చూశాడు. ఆమె తలూపింది. వాడు సీసాను బల్లమీద పెట్టబోయి, అంచుమీద పెట్టి, మళ్లీ లోపలికి జరిపాడు. తన కుర్చీ దాకా వెళ్లలేదు. ఆ నిలబడ్డచోటే, అన్న కుర్చీ పక్కన గోడకు ఒరిగాడు. డోలు చప్పుడు ఆగిపోయింది ఎప్పుడో. కిటికీ కింద ఎవరో సైకిలు గంట కొడుతున్నారు. అప్పుడు తోంగ్‌వెన్ అడిగాడు, చేపను చూస్తూ, ఇన్నేళ్లూ నోట్లో పెట్టుకు తిరిగినదాన్ని బయటికి తీసినట్టు అడిగాడు:

"మూకుడు ఒక్క దెబ్బకే పగిలిందా?"

రుయ్‌లాన్‌కు మొదట అర్థం కాలేదు. చోటు, దొంగ, పెద్దకొడుకు, ఇవే అనుకుంది ఇన్నాళ్లూ. వీడు అడుగుతున్నది అది కాదు. నాన్న తేలిగ్గా వెళ్లాడా, గుమ్మం పట్టుకుని వేలాడకుండా, వెనక్కి చూడకుండా వెళ్లాడా అని అడుగుతున్నాడు. పక్కన లేని కొడుకు అడిగేది అదే. అందులో దొంగతనం ఎక్కడుంది?

"ఒక్క దెబ్బకే అన్నయ్యా," అన్నాడు హాయ్‌షెంగ్. అన్నయ్యా అన్న మాట వాడి నోటినుంచి దానంతటదే వచ్చేసింది, కాళ్లు లేచినట్టే. "ముక్కలు ముక్కలైంది. ఒక పెంకు వెళ్లి సన్నాయివాడి కాలిమీద పడింది. నా చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి, జారిపోతుందేమోనని భయమేసింది. ఎత్తి పట్టుకుని చెప్పాను."

"ఏం చెప్పావు?"

"నాన్నా, పెద్దాడు తోంగ్‌వెన్ కొడుతున్నాడు, నువ్వు వెళ్లిరా అని. నా పేరు చెప్పలేదు. నాది కాదుగా ఆ మూకుడు."

ఆ రోజు ఆమె రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. వాడి పెదాలు కదలడం చూసింది, ఏడుస్తున్నాడనుకుంది. సన్నాయి చెవులు పగిలేలా మోగుతోంది, ఆమె ఏడుపు ఆమెకే వినపడలేదు. తలూపింది తనే, చేయించింది తనే, నాన్న దగ్గర అన్నీ నేర్చుకున్నది తనే అనుకుంది. చిన్నవాడు ఎవరూ చెప్పకుండానే, ఏ కర్మపెద్దకూ తట్టనిది, మర్యాదను విరవకుండా మనసుతో కాస్త జరిపి అన్నకు చోటిచ్చాడు. ఆ చోట్లో తొమ్మిదేళ్లుగా తోంగ్‌వెన్ నిలబడే ఉన్నాడు, వాడికే తెలీదు.

"అక్కడ ఎందుకు చెప్పలేదురా? శ్మశానంలో?" అన్నాడు తోంగ్‌వెన్.

"దొంగ అన్నావుగా. దొంగ అనిపించుకున్నాక ఏం చెప్తాం? నాన్నకు వినపడితే చాల్లే అనుకున్నా."

తోంగ్‌వెన్ గ్లాసుమీది చెయ్యి తీశాడు. ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు, పై నుంచి కిందికి, మసి తుడుచుకునే అలవాటున్న మనిషిలా. చాలాసేపు తుడుచుకున్నాడు. హాయ్‌షెంగ్ తలుపు దగ్గరున్న తన కుర్చీని కాలితో లాగి, అన్న పక్కనే వేసుకుని కూలబడ్డాడు. అది ఎవరి చోటో, కుడివైపు కుడివైపంటే ఏమవుతుందో, ఏ లెక్కలోనూ లేని చోటు. రుయ్‌లాన్ దిద్దలేదు. అన్నదమ్ములిద్దరూ అలా పక్కపక్కనే, బల్ల ఒకవైపుకు ఒరిగిపోయినట్టు కూర్చున్నారు, పాత ఇంట్లో గట్టుమీద గంజి కోసం కూర్చున్నట్టు.

"ఆ బండి దిగి రాలేకపోయానురా," అన్నాడు తోంగ్‌వెన్. "కింద ఊరుంది."

"తెలుసు. మీ ఇంట్లో వదినే చెప్పింది."

"ఎప్పుడు?"

"చాలా ఏళ్లయింది."

"మరి రాలేదేం?"

"నువ్వు రాలేదేం?"

ఇద్దరూ ఆమెవైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. ఆమె మెడలో ఈల లేదు. పులుసు మీద నూనె తెట్టు కడుతోంది.

"సోమవారం పొద్దున్న నీకేం పనుంది?" అన్నాడు తోంగ్‌వెన్.

"సోమవారం టోఫుకి పొగ పెట్టే రోజు," అన్నాడు హాయ్‌షెంగ్. తర్వాత అన్నాడు: "ఎన్నింటికి బయల్దేరాలి?"

రుయ్‌లాన్ చాప్‌స్టిక్స్ తీసుకుంది. తల ఎవరిదో, తోక ఎవరిదో, ఎవరు తాగారో, ఎవరు తాగలేదో ఏదీ తేలకుండానే, చేప పొట్ట దగ్గర మెత్తటి ముక్క తెంపి నోట్లో పెట్టుకుంది. పులుసు చల్లారింది. అయినా బావుంది. ఆమెకు చాలా ఆకలిగా ఉంది.